డబ్బా మీద చిన్నక్షరాలు



పొద్దున్నే కారు స్టార్టు చేసినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు ఎప్పుడైనా చెవిపెట్టి విన్నారా? రేడియో వినే చెవులు కాబట్టి మీకు ఈ పని కష్టం కాదు. పాటలు కట్టేసి, ఏసీ కట్టేసి, అద్దం కాస్త దించి అప్పుడు తాళం తిప్పండి. కొన్ని బళ్ళు మెత్తగా అందుకుంటాయి. కొన్ని మాత్రం ముందు కటకటకటమని, గరిటెల బుట్ట కింద పడ్డట్టు మోగి, ఆ తర్వాత సర్దుకుంటాయి. సర్దుకుంది కదా అని మనం గేరేసుకుని వెళ్ళిపోతాం. ఆ కటకట ఎక్కణ్ణుంచి వస్తుందో చివర్లో చెబుతాను. అంతకుముందు ఇంజినాయిలు సంగతి తేల్చుకోవాలి.

'కందెన వేయని బండికి కావలసినంత సంగీతం' అని మన సామెత. ఎడ్లబండి తోలిన తరానికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. బండి కింద ఒక వెదురు గొట్టం వేలాడుతుండేది. అందులో కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసిన నల్లటి జిగురు. చక్రం ఊడదీసి పుల్లతో ఇరుసుకి పూస్తే చాలు, ఊరు దాటేదాకా బండి నోరెత్తేది కాదు.

ఆ ఆముదమే తొలి రోజుల మోటారు బళ్ళకూ దిక్కయింది. లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో ఒక నూనెల కంపెనీ పెట్టాడు. పదేళ్ళ తర్వాత ఆముదం కలిపిన ఇంజిన్ నూనె ఒకటి తయారుచేసి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే పేరు నుంచే దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టాడు. ఇవాళ మన స్పేరు పార్టుల కొట్ల ముందు ఎర్రాకుపచ్చా బోర్డుల మీద కనిపించే పేరు అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా విమానాల ఇంజిన్లలో కూడా ఆముదమే పోసేవారు. అది పెట్రోల్లో అంత తేలిగ్గా కరగదు, అందుకని. కాకపోతే ఇంజిన్ చిమ్మిన ఆముదపు తుంపర ఎదురుగా కూర్చున్న పైలట్ల ముక్కుల్లోకీ నోళ్ళలోకీ పోయేది. దాని ఫలితం ఏమై ఉంటుందో చిన్నప్పుడు బలవంతాన ఆముదం తాగినవాళ్ళకి నేను చెప్పాలా?

సరే, ఇప్పటి కాలానికి వద్దాం. నేను చాలాకాలం పాలిటెక్నిక్‌లో ఆటోమొబైలు పాఠాలు చెప్పినవాణ్ని. అందుకని బంధువులు పెళ్ళిళ్ళలో కూడా నన్ను పక్కకు లాగి, "మావయ్యా, కారుకి ఏ ఆయిలు పోయించమంటావు, సింథటిక్ మంచిదేనా?" అని అడుగుతుంటారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "కారుతో ఇచ్చిన పుస్తకం ఎక్కడుంది?" అని. చాలామంది మొహాలు చూసుకుంటారు. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో, ఇన్సూరెన్సు కాగితాల కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. ఆయిలు గురించి నేను చెప్పగలిగిందంతా అందులో ఒక పేజీలో ఉంది. అయినా ఆ పేజీ చదవాలంటే అందులోని అక్షరాలకు అర్థం తెలియాలి. ఇవాళ్టి నా పని అదే.

మొన్న విజయవాడ ఆటోనగర్‌లో ఒక కొట్లో నిలబడి ఉన్నాను. ఒకాయన వచ్చి, "అన్నా, మంచి సింథటిక్ ఆయిలు ఇవ్వు" అన్నాడు. కొట్టాయన "ఏ గ్రేడు సార్?" అన్నాడు. "గ్రేడేదైతేనేం, ఖరీదైందే ఇవ్వు, కొత్త బండి" అన్నాడీయన. మందుల షాపుకెళ్ళి, మాత్ర ఏదైతేనేం ఖరీదైందే ఇవ్వమన్నట్టుంది వ్యవహారం. కొట్టాయన నా వైపు చూసి నవ్వి, బండి పేరడిగి, లోపల్నుంచి వేరే డబ్బా తెచ్చాడు. అందరు కొట్టువాళ్ళూ అలా అడుగుతారన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి.

ముందు ఆ సింథటిక్ అనే మాట సంగతి చూద్దాం. భూమిలోంచి తీసిన ముడిచమురును శుద్ధిచేస్తే వచ్చే నూనె మినరల్ ఆయిలు. అందులో అణువులు చిన్నవీ పెద్దవీ, పొడుగువీ పొట్టివీ కలగాపులగంగా ఉంటాయి. కొండరాళ్ళు ఏరి పేర్చి కట్టిన గోడ లాంటిది. గోడ నిలబడుతుంది, కాదనను. కానీ సందులుంటాయి, మొనలు పొడుచుకొస్తుంటాయి. అసలు సిసలు సింథటిక్ అంటే, ఇథిలీన్ వాయువు నుంచి రసాయన చర్యలతో కావలసిన కొలతకి అణువుల్ని కట్టుకుంటూ వచ్చిన నూనె. ఇది ఇటుకలతో కట్టిన గోడ. ఒక్కో ఇటుకా ఒకే అచ్చులోది. దీన్ని ఆ వృత్తిలో వాళ్ళు పీఏఓ అంటారు, గ్రూప్ 4 అంటారు. ఎస్టర్లనేవి ఇంకొక రకం, అవి గ్రూప్ 5. ఇక్కడ మళ్ళీ మన ఆముదం తొంగిచూస్తుంది. ఆముదం నుంచి తీసే సెబాసిక్ ఆమ్లంతో చేసిన ఎస్టర్లనే తొలితరం జెట్ ఇంజిన్ల నూనెల్లో వాడారు. బండి ఇరుసు దగ్గర మొదలైన పదార్థం జెట్ విమానం దాకా పోయింది. మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో ఆముదం పండించిన రైతుకు ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో.

మినరల్‌కీ అసలు సింథటిక్‌కీ మధ్య గ్రూప్ 3 అని ఒకటుంది. ముడిచమురు నుంచే తీస్తారు గానీ, గట్టి ఒత్తిడిలో, వేడిలో హైడ్రోజన్‌తో చర్య జరిపి అణువుల్ని విరగ్గొట్టి మళ్ళీ సరిచేస్తారు. కొండరాయినే ఉలితో చెక్కి ఇటుక ఆకారానికి తేవడమన్నమాట. దీన్ని సింథటిక్ అనొచ్చా? సరిగ్గా ఈ ప్రశ్న మీదే అమెరికాలో మొబిల్ కంపెనీకీ క్యాస్ట్రాల్ కంపెనీకీ తగవొచ్చింది. ప్రకటనల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే సంస్థ ఒకటి అక్కడుంది. అది 1999లో క్యాస్ట్రాల్ వైపు మొగ్గింది. అనొచ్చు, తప్పులేదంది. అప్పట్నుంచి చెక్కిన రాయి కూడా ఇటుకల ధరకు అమ్ముడుపోవడం మొదలైంది. జర్మనీలో ఇలాంటి నూనె డబ్బాల మీద హెచ్‌సీ సింథసిస్ అని విడిగా రాసే అలవాటుంది. మనకలాంటి పట్టింపు లేదు.

అంటే మోసం జరిగిందా? నేననను. బాగా చెక్కిన రాయి ఇటుకకు దాదాపు సాటి వస్తుంది. ఇవాళ బజార్లో సింథటిక్ పేరుతో దొరికే వాటిలో ఎక్కువభాగం గ్రూప్ 3 నూనెలే, మన రోడ్ల మీద మన బళ్ళకి అవి నిక్షేపంగా సరిపోతాయి. నేను చెప్పేదల్లా ఏమిటంటే, డబ్బా మీద పెద్దక్షరాలతో ఉన్న ఆ సింథటిక్ అనే మాట మీకు చెప్పేది చాలా తక్కువ. సెమీ సింథటిక్ అన్న మాటైతే ఇంకా తక్కువ. ఎంత కలిపితే సెమీ అవుతుందో చెప్పే లెక్కేమీ లేదు. పప్పుచారులో పప్పెంత అనడిగితే హోటలువాడు ఏం చెబుతాడు? పైగా నూనెలో అయిదో వంతు దాకా రసాయనాలే ఉంటాయి. మసిని కరిగించి పట్టుకునేవి, ఆమ్లాన్ని చంపేవి, అరుగుదలను ఆపేవి. ఆ వంటే అసలు వంట. అది బాగా కుదిరిందో లేదో తెలియాలంటే చిన్నక్షరాలు చదవాలి.

మొదటి చిన్నక్షరాలు 5డబ్ల్యూ 30 లాంటివి. ఆ డబ్ల్యూ వెయిటు కాదు, వింటరు. దాని ముందున్న అంకె చలిలో నూనె ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ చలికి బిగుసుకోవడం తక్కువ. 0డబ్ల్యూ నూనెను సున్నాకి 35 డిగ్రీల కింద పరీక్షిస్తారు, 20డబ్ల్యూని 15 డిగ్రీల కింద. వెనకనున్న అంకె 100 డిగ్రీల వేడిలో నూనె చిక్కదనం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక నూనె ఉండేది ఆ ప్రాంతంలోనే. 20 అంటే పల్చన, 50 అంటే చిక్కన.

"మన లంబసింగిలో కూడా సున్నా దాటి కిందికి పోవడం గగనం, మనకి ఆ డబ్ల్యూతో ఏం పని?" అని మీకనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంజిన్ లెక్కలో మన 30 డిగ్రీల ఉదయం కూడా చలే. దానికి కావలసింది 100. ఒక మామూలు 20డబ్ల్యూ 50 నూనె 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 40 డిగ్రీల దగ్గర దాదాపు తొమ్మిది రెట్లు చిక్కగా ఉంటుంది. 0డబ్ల్యూ 20 అయితే అయిదు రెట్ల దగ్గరే ఆగుతుంది. పొద్దున్న పంపు తోడగానే పైనున్న క్యామ్ షాఫ్టు దాకా ముందు చేరేది ఏదో మీరే ఊహించుకోండి. గడ్డకట్టిన నెయ్యిని గరిటెతో తవ్వడానికీ, మంచినూనెను వంచుకోవడానికీ ఉన్న తేడా.

మా పక్కింటాయనకీ నాకూ దీని మీద ఎడతెగని వాదన. ఆయనకి ఈమధ్యే కొన్న చిన్న పెట్రోలు కారుంది. దాని పుస్తకంలో 0డబ్ల్యూ 16 అని ఉంది. ఆ నూనెను చూసి ఆయన, "ఇదేంటండీ, నీళ్ళలా ఉంది! మన బెజవాడ ఎండలకి ఇది ఆగుతుందా? అంబాసిడర్‌కి మా నాన్నగారు 20డబ్ల్యూ 50 పోయించేవారు, అదే పోయిస్తాను" అంటాడు. నాన్నగారి మీద గౌరవం ఉండాల్సిందే. అయితే అంబాసిడర్ ఇంజిన్‌లో సందులు వేరు, ఈ ఇంజిన్‌లో సందులు వేరు. ఇప్పటి ఇంజిన్లలో బేరింగుకీ షాఫ్టుకీ మధ్య ఖాళీ, నూనె తిరిగే దారులు అన్నీ పల్చటి నూనెను లెక్కలోకి తీసుకుని కోసినవి. వాల్వులు ఎప్పుడు తెరవాలో మార్చే వీవీటీ అనే ఏర్పాటు కూడా నూనె ఒత్తిడి మీదే నడుస్తుంది. చిక్కటి నూనె పోస్తే అది బద్ధకిస్తుంది, మైలేజీ తగ్గుతుంది.

ఇక ఎండ సంగతి. రెంటచింతలలో 45 డిగ్రీలున్నా, అరకులో 10 ఉన్నా, వేడెక్కిన ఇంజిన్ లోపలి నీటి వేడిని థర్మోస్టాట్ 90 డిగ్రీల చుట్టుపక్కలే పట్టి ఉంచుతుంది. బయటి ఎండ లోపలి నూనెను మీరనుకున్నంతగా పలచన చెయ్యదు. నూనెకు నిజంగా పరీక్ష పెట్టేది ఎండ కాదు. నిండా మనుషులతో శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు, లేదా బెంజి సర్కిల్ దగ్గర గంటసేపు ఏసీతో నిలబడినప్పుడు అసలు కష్టం. అలాంటి చోట వేడికి తట్టుకుని, మడ్డి కట్టకుండా నిలబడేది మంచి సింథటిక్ నూనే. ఆ మాట ఒప్పుకుంటాను. చిక్కదనం పెంచితే వచ్చేది మాత్రం కాదది. పాతబడి ఆయిలు తాగుతున్న ఇంజిన్‌కి, కంపెనీవాళ్ళు పుస్తకంలో రెండు మూడు గ్రేడులకి అనుమతిస్తే, వాటిలో చిక్కటిది ఎంచుకోవడంలో తప్పులేదు. పుస్తకం దాటి పోవద్దు, అంతే.

రెండో చిన్నక్షరాలు ఏపీఐ, అంటే అమెరికన్ పెట్రోలియం సంస్థ ఇచ్చే స్థాయి. ఎస్ అనే అక్షరంతో మొదలైతే పెట్రోలు ఇంజిన్లకు, సీతో మొదలైతే డీజిల్‌కు. ఎస్ పక్కనున్న అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్తది. 2010లో ఎస్‌ఎన్ వచ్చింది, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ. ఇవి ఊరికే మార్చిన అక్షరాలు కావు. టర్బో ఉన్న చిన్న పెట్రోలు ఇంజిన్లలో, తక్కువ వేగంలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంధనం వేళ కాని వేళ అంటుకుని పిస్టన్‌ని పగలగొట్టే జబ్బొకటి బయటపడింది. దానికి నూనెలోని కాల్షియం కూడా ఒక కారణమని తేలింది. వంట మార్చారు. ఎస్‌పీ స్థాయికి ఆ పరీక్ష కూడా చేర్చారు. మీది టర్బో పెట్రోలు కారైతే, డబ్బా మీద సింథటిక్ అని ఉండి ఎస్‌ఎన్ దగ్గరే ఆగిపోయిన పాత సరుకు కంటే ఎస్‌పీ అని ఉన్నదే తీసుకోండి.

డీజిలు కారున్నవాళ్ళు కాస్త దగ్గరికి జరగండి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్ 6 నియమాలు వచ్చాయి. వాటితో డీజిల్ కార్ల పొగగొట్టాల్లో డీపీఎఫ్ అనే జల్లెడ వచ్చింది. మసిని పట్టుకుని, అప్పుడప్పుడు తానే వేడెక్కి దాన్ని కాల్చేసుకుంటుంది. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు కదా? ఇంజిన్‌లో కొద్దికొద్దిగా కాలే నూనెలోని లోహపు ఉప్పులు బూడిదై ఆ జల్లెడలో కూర్చుంటాయి. కుంపట్లో బొగ్గు ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు, అడుగున బూడిద దులపకపోతే గాలాడదు. ఈ కుంపటిని దులపడం తేలిక కాదు, మార్చాలంటే వేలల్లో కాదు, లక్ష దాకా కూడా పోవచ్చు. అందుకే ఈ బళ్ళకి బూడిద తక్కువిచ్చే నూనె కావాలి. డబ్బా మీద ఏసీఈఏ సీ2, సీ3 లాంటి గుర్తులుంటాయి. సీ3 అంటే బూడిద శాతం 0.8కి మించకూడదు. లారీలకు పోసే నూనె గొప్పదే అయినా దీనికి పనికిరాదు. ఇంకొక్క మాట. ఊళ్ళో దగ్గర దగ్గర తిరుగుళ్ళే తిరిగితే ఆ కాల్చుకునే పని మధ్యలో ఆగిపోయి, డీజిలు నూనెలోకి దిగుతుంది. గేజి పుల్ల మీద నూనె మట్టం పెరిగిందని సంతోషించకండి, అది నూనె కాదు.

మూడోది, డబ్బా మీద మూడు ఇంగ్లీషు మాటల మధ్య తేడా. రికమెండెడ్ ఫర్ అని ఉంటే, ఈ నూనె ఫలానా బండికి బావుంటుందని నూనె కంపెనీవాడు అనుకుంటున్నాడని. మీట్స్ అని ఉంటే, ఆ ప్రమాణానికి సరితూగుతుందని వాడే చెప్పుకుంటున్నాడని. అప్రూవ్డ్ అని ఉంటే, కారు కంపెనీవాడు పరీక్షించి ఒప్పుకున్నాడని. పెళ్ళిచూపుల్లో అబ్బాయి బుద్ధిమంతుడని వాళ్ళమ్మ చెప్పడానికీ, పనిచేసే చోట నలుగురూ చెప్పడానికీ ఉన్నంత తేడా ఉంది.

బైకున్నవాళ్ళకి చిన్న హెచ్చరిక. కారుకి పోయగా మిగిలిన అరలీటరు సింథటిక్ ఆయిలు బైకులో పోయకండి. బైకులో క్లచ్చు ప్లేట్లు కూడా ఆ నూనెలోనే మునిగి ఉంటాయి. కారు నూనెలోని జారుడు రసాయనాలు తగిలితే క్లచ్చు జారుతుంది. బైకుకి జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న నూనే పోయాలి.

ఇప్పుడు ఫిల్టరు. మూడున్నర లీటర్ల నూనెకు వేలు పెట్టేవాళ్ళు రెండు మూడు వందల ఫిల్టరు దగ్గరకొచ్చేసరికి, "ఈసారికి పాతదే ఉంచండి, వచ్చేసారి మారుద్దాం" అంటారు. తలంటుపోసుకుని విడిచిన చొక్కానే తొడుక్కున్నట్టు. పాత ఫిల్టరులో చిన్న గ్లాసుడు మురికి నూనె ఉండిపోతుంది కూడా.

ఒకసారి పిల్లలకు చూపించడానికి ఒకాయన బండిలోంచి తీసిన పాత ఫిల్టరును లేతు మీద పెట్టి మూత కోయించాను. మీకు కనపడేటట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను. బయట పిడికిలంత ఇనుప డబ్బా. నోటి దగ్గర మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం, దాని చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. మురికి నూనె ఆ చిన్న రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది, కాగితం గుండా వడకట్టుకుని మధ్య రంధ్రంలోంచి బయటికొస్తుంది. ఆ కాగితం విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటుంది. లెక్కపెట్టాను, యాభై రెండు మడతలు. విప్పి బల్ల మీద పరిస్తే మీటరు పైనే వచ్చింది. నల్లగా, తారు పూసినట్టు. టార్చిలైటు వేసి చూస్తే మడతల మధ్య సన్నటి మెరుపులు. అల్యూమినియం రజను. వేలితో రాస్తే తగలదు, వెలుగులోనే తెలుస్తుంది. అది బేరింగులోంచో పిస్టన్‌లోంచో రాలిన పొడి. ఆ బండి ఆయన దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు.

మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. మామూలు కాగితపు ఫిల్టరు 25, 30 మైక్రాన్ల రేణువుల్ని బాగా పడుతుంది. గాజు నూలు కలిసిన సింథటిక్ ఫిల్టరు ఇంకా సన్నవాటిని పడుతుంది, ఎక్కువకాలం పూడుకోకుండా ఉంటుంది. 99 శాతం వడకడుతుందని అట్టపెట్టె మీద రాసుంటే, ఎన్ని మైక్రాన్లవి అని పక్కన వెతకండి. ఆ అంకె లేకపోతే ఆ 99కి అర్థం లేదు. కందులు ఆపే జల్లెడ కూడా 99 శాతం ఆపుతుంది, కందుల్ని.

కాగితం కింద స్ప్రింగుతో ఒక చిన్న వాల్వు ఉంటుంది. బైపాస్ వాల్వు. కాగితం పూడిపోయినా, పొద్దున్నే నూనె మరీ చిక్కగా ఉన్నా ఇది తెరుచుకుని, వడకట్టని నూనెనే ఇంజిన్‌కి వదులుతుంది. మన చెరువుకి అలుగు లాంటిది. కట్ట తెగడం కంటే నీళ్ళు పొర్లిపోవడం నయం. అసలు నూనె అందకపోవడం కంటే మురికి నూనె నయం. నాసిరకం ఫిల్టర్లలో ఈ అలుగు మరీ ముందే పొర్లుతుంది, లేదా అవసరమైనప్పుడు తెరుచుకోదు. చూసి తెలుసుకునే వీలు మనకు లేదు.

ఇక మిగిలింది ఒక రబ్బరు బిళ్ళ. చిన్న రంధ్రాలకు లోపలి వైపు పరిచి ఉంటుంది, గొడుగు బోర్లించినట్టు. మొదట్లో చెప్పిన కటకట ఇక్కడుంది. ఇంజిన్ ఆపేశాక ఫిల్టరులోని నూనె వెనక్కి జారి అడుగు గిన్నెలోకి పోకుండా ఆపడమే ఈ బిళ్ళ పని. ఫిల్టరు అడ్డంగానో, తలకిందులుగానో బిగించిన ఇంజిన్లలో దీని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. చవక ఫిల్టరులో ఇది నల్లటి మామూలు రబ్బరు. వేడికి గట్టిపడి, అంచులు ముడుచుకుని, రాత్రంతా బొట్టు బొట్టుగా నూనెను జారవిడుస్తుంది. పొద్దున్న మీరు తాళం తిప్పేసరికి ఫిల్టరు ఖాళీ. పంపు ముందు దాన్ని నింపి, ఆ తర్వాత గదా పైకి పంపాలి? అంతవరకూ వాల్వులూ టైమింగు చెయినూ పొడిగా కొట్టుకుంటూ మీకు వినిపించే సంగీతమే ఆ కటకట. కాస్త మంచి ఫిల్టర్లలో ఈ బిళ్ళ సిలికాన్‌ది, చాలావాటిలో నారింజ రంగులోనో ఎర్రగానో ఉంటుంది. కొనేముందు చిన్న రంధ్రాల్లోంచి అగ్గిపుల్లతో మెల్లగా నొక్కి చూడండి, మెత్తగా లోపలికి పోయి వెనక్కి రావాలి. కొట్టువాడు విచిత్రంగా చూస్తాడు, చూడనివ్వండి. చెయిను సాగినా ఇలాగే మోగుతుంది కాబట్టి, ఫిల్టరు మార్చినా మోత పోకపోతే మెకానిక్కు దగ్గరికి పోవాల్సిందే.

బిగింపు గురించి చెప్పాలంటే నా పరువు కొంత పోగొట్టుకోవాలి. ఇరవై ఏళ్ళు పిల్లలకి ఫిల్టరు ఎలా మార్చాలో చెప్పాక, ఒక ఆదివారం మా ఇంటి పోర్టికోలో నా బండికి నేనే మార్చాను. సాయంత్రం ఏలూరు బయల్దేరాం. గన్నవరం దాటీ దాటకముందే డ్యాష్‌బోర్డులో ఎర్రటి నూనె డబ్బా గుర్తు వెలిగింది. వెంటనే ఇంజిన్ ఆపి దిగి చూస్తే, మా వెనక రోడ్డంతా నల్లటి గీత. మా ఆవిడ, "పాఠంలో ఇది కూడా ఉందా?" అనడిగింది. జరిగిందేమిటంటే, పాత ఫిల్టరు ఊడదీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది. నేను దాని మీదే కొత్తది బిగించాను. రెండు రింగులు ఒకదాని మీదొకటి నిలవవు. ఒత్తిడి పెరగ్గానే ఒకటి పక్కకి జారి నూనంతా చిమ్మేసింది. పాత ఫిల్టరు చేతిలోకి రాగానే దాని నోటి చుట్టూ రింగు ఉందా అని చూసుకుంటే అయిపోయేది. కొత్త రింగుకి వేలితో కొత్త నూనె రాసి, చేత్తో తిప్పి, తగిలాక ఇంకో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. పానాలతో బిగించొద్దు, వచ్చేసారి ఊడదీయడానికి సుత్తీ స్క్రూడ్రైవరూ కావాలి.

ఆ ఎర్రదీపం నూనె మట్టానిది కాదు, ఒత్తిడిది. వెలిగితే పెట్రోలు బంకు దాకా పోదాంలే అనుకోకండి, ఉన్నచోటే ఆపండి. నేను ఆపబట్టే ఆ ఇంజిన్ బతికింది.

ఎన్నాళ్ళకి మార్చాలి? చాలా కార్లకు పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. సింథటిక్ పోశాం కదా, ఇరవై వేలు నడిపేద్దాం అనుకోవద్దు. రైతుబజారుకీ బడికీ రోజూ మూడు నాలుగు కిలోమీటర్లు తిరిగే బండి పూర్తిగా వేడెక్కనే ఎక్కదు. ఆవిరీ పెట్రోలూ నూనెలోనే ఉండిపోతాయి. అలాంటి బండి ఏడాదంతా మూడు వేలే తిరిగినా ఏడాదికి మార్చాల్సిందే. నల్లబడింది కాబట్టి చెడిపోయిందనీ అనుకోవద్దు. డీజిల్లో కొత్త నూనె మొదటి రోజుకే నల్లబడుతుంది, మసిని పట్టుకోవడమే దాని ఉద్యోగం. నూనె పోసే మూత కింద మజ్జిగ నురగలా తెల్లగా కనపడితే మాత్రం అశ్రద్ధ చెయ్యొద్దు. చలికాలపు చెమ్మ కావచ్చు, హెడ్డు గ్యాస్కెట్టు పోయి నీళ్ళు కలుస్తూ ఉండవచ్చు.

కొనేటప్పుడు బిల్లు అడగండి, మూత సీలు చూడండి. ఖాళీ అయిన డబ్బాను ఒక మేకుతో పొడిచి పారేయండి. మంచి కంపెనీ ఖాళీ డబ్బాలకి పాతసామాన్ల దగ్గర గిరాకీ ఉండటం ఊరికే కాదు.

చివరగా ఆ పాత నూనె. మా వీధి చివర షెడ్డులో బండి కింద ట్రే పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పుతుంటే, పక్కన ఒకాయన ఖాళీ క్యాను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎందుకని అడిగితే, సెంట్రింగు మేస్త్రీనన్నాడు. స్లాబు పోసేముందు రేకులకి పూస్తే కాంక్రీటు అంటుకోదట. మన ఊళ్ళల్లో చెదలకని గుమ్మాలకి పూసేవాళ్ళూ ఉన్నారు. కానీ వాడిన నూనెలో లోహాలూ విషాలూ చేరి ఉంటాయి, చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కిస్తుంది. అనుమతి ఉన్నవాళ్ళు సేకరించి మళ్ళీ శుద్ధి చేయాలి. అలా శుద్ధిచేస్తే తిరిగి మంచి బేస్ ఆయిలు వస్తుంది కూడా. ఈ మాటే ఆ మేస్త్రీకి చెప్పాను. ఆయన తన చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. "మరి రేకులకేం పూయమంటారండీ?" అన్నాడు. దానికోసమే అమ్మే నూనెలున్నాయని చెప్పి, డబ్బా మీద ఏం చూడాలో ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. షెడ్డాయన మాత్రం ఆ ట్రేలోని నూనెను వేరే పీపాలోకి వంచి, దాని మీద మూత పెట్టాడు.